అరకత్తి

బోధన్ చెరకు తోటల్లో ఒక కత్తి అంటే ఇద్దరు మనుషులు. ఒకరు నరుకుతారు, ఇంకొకరు ఆకు దూసి కట్ట కడతారు. ఇద్దరూ కలిస్తేనే కత్తి. సరిహద్దు అవతలి నుంచి కోతకు వచ్చే మరాఠీ వాళ్ళ లెక్క ఇది, వాళ్ళను చూసి మనవాళ్ళకూ అలవాటైంది. జట్టును తెచ్చే ముకద్దం ఇరవై కత్తులు తెచ్చానన్నాడంటే నలభై మందిని తెచ్చాడన్న మాట. జోడీ లేకుండా వచ్చిన మనిషిని అరకత్తి అంటారు. ఎంత పనిమంతుడైనా కానీ, రెండు చేతులూ గట్టిగా ఉండనీ, అరకత్తే.

సిరికొండ భోజన్న పదకొండేళ్ళు ముకద్దంగా చేశాడు. యాభై ఆరులో, రాష్ట్రం ఏర్పడ్డ ఏడు, మొదటి జట్టుతో నిజామాబాద్‌లో బోధన్ రైలెక్కాడు. అప్పటి నుంచి అతని జట్టులో సీజను మధ్యలో తెగిపోయిన జోడీ లేదని చెప్పుకునేవాళ్ళు. పక్క ముకద్దాల దగ్గర మొగుడూ పెళ్ళాలే పుష్యమాసం రాకముందే కత్తి పారేసి చెరొక దిక్కు పోతుంటే, భోజన్న ముక్కూ మొహం తెలియని ఇద్దరిని తెచ్చి కలిపినా ఉగాది దాకా నిలిచేవాళ్ళు. దీనికి అతని దగ్గర ఒక శాస్త్రం ఉంది. అడిగినవాళ్ళకు చెప్పేవాడు, అడగనివాళ్ళకు ఇంకా వివరంగా చెప్పేవాడు.

"మనుషులల్ల రెండు తీర్లు. నరికే తీరు, కట్టే తీరు. నరికేటోడు ముందటికి పోతడు, ఎనుకకు సూడడు. కట్టేటోడు ఎనుక పడ్డదాన్ని ఏరుకస్తడు. గిది పోరగాండ్లకు గూడ తెలుసు. గని గింత తెల్సినంతల జోడీ కుదరది. గా తీరు లోపట మల్ల తీరు ఉంటది, గది సూడాలె."

పుర్రెకో బుద్ధి అంటారు గానీ భోజన్న లెక్కలో అన్ని బుద్ధులు లేవు, నాలుగే. రాజనర్సు, ముత్యం అని అతని జట్టులో ఇద్దరు మొనగాళ్ళు. ఇద్దరూ నరికేవాళ్ళే, బలంలో ఒకరికొకరు తీసిపోరు. అయితే రాజనర్సుకు కోపమొస్తే తోటంతా తెలిసిపోతుంది. చెరకును తిడతాడు, కత్తిని తిడతాడు, అంబలి తాగేసరికి నవ్వేస్తాడు. అతను పాట ఎత్తుకుంటే అటూ ఇటూ నాలుగు వరసలు అందుకుంటాయి, అతను మొహం ముడిస్తే ఆ నాలుగు వరసలూ ముడుచుకుంటాయి. ఇలాంటి వాళ్ళది మొకం మీది మనసు అనేవాడు భోజన్న. ముత్యం పైకి ఏమీ అనడు. ఎవరు తనకు దగ్గర, ఎవరు దూరం అని లోపలే గీత గీసుకుంటాడు. మొదటి వారం తనను వెక్కిరించినవాడికి ఉగాది దాకా నీళ్ళ ముంత అందించడు. మొదటి వారం ఒక రొట్టె ముక్క పెట్టినవాడి కోసం ఉగాది దాకా పడి చస్తాడు. ఇది కడుపులోని మనసు. కట్టేవాళ్ళలోనూ ఇదే తేడా.

"రెండు మొకాలు ఒక్కకాడ ఏస్తే లొల్లి. రెండు కడుపులు ఒక్కకాడ ఏస్తే మాట ముచ్చట ఉండది, ఒకనాడు ఇద్దరు లేచి పోతరు. ఒక మొకం, ఒక కడుపు. గప్పుడు కత్తి నడుస్తది."

తనది మొకం మీది మనసని భోజన్నకు గర్వం. నవ్వు నాలుగు విధాల చేటని ఎవరన్నారో గానీ అతనికి నవ్వే పెట్టుబడి. జట్టులో ఎవరికి జ్వరమొచ్చినా పక్కన కూర్చుని నవ్వించి లేపేవాడు. ఎవరింట్లో చావు జరిగినా అందరికంటే ముందు, అందరికంటే గట్టిగా ఏడ్చేవాడు. అవి దొంగ ఏడుపులూ కావు. ఆ గడియకు అతనికి నిజంగానే గుండె పొంగేది, మరుగడియకు తగ్గేది.

ఇక రేణుకమ్మ. భోజన్న భార్య. వాళ్ళకు పిల్లలు నిలవలేదు, ఇద్దరే ఉండేవాళ్ళు. ముకద్దం కత్తి పట్టడు గనుక అతనికి జోడీ అక్కరలేదు, ఆమెకు మాత్రం కావాలి. దసరా వెళ్ళిన మూడోనాడు భోజన్న ఇంటి ముందు గొంగడి పరుచుకుని కూర్చుంటే కోతకు వచ్చేవాళ్ళు వచ్చి ఎదురుగా నిలబడేవాళ్ళు. ఒక్కొక్కరి తీరు చెప్పి, నవ్వించి, జోడీలు వేసేవాడు. అన్నీ కుదిరాక ఎవరో ఒకరు మిగిలేవాళ్ళు. ఒక ఏడు చెవుడున్న వసంతమ్మ, ఒక ఏడు నోటి దురుసు పిల్ల, ఒక ఏడు పని రాని బాలింత. ఆ మిగిలిన మనిషి రేణుకమ్మకు.

"మా ఇంటిదానికి ఏ తీరు లేదు," అనేవాడు భోజన్న చివర్లో, అందరూ వినేలా. "నీళ్ళసొంటిది. ఏ ముంతల పోస్తే గా ముంత."

జట్టు నవ్వేది. రేణుకమ్మ తల వంచుకుని తన పని చేసుకునేది. మిగిలిన మనిషి నరకగలిగితే ఆమె కట్టేది, కట్టగలిగితే ఆమె నరికేది. ఉగాది వచ్చేసరికి ఆ మనిషి పనిమంతురాలయ్యేది. మరుసటి ఏడు భోజన్న ఆ పనిమంతురాలిని ఇంకెవరికో జోడీ వేసి, కొత్తగా మిగిలినదాన్ని రేణుకమ్మ పక్కన నిలబెట్టేవాడు. పదకొండు సీజన్లు ఇదే వరస. ఆమె ఒక్కసారీ కాదనలేదు. కాదనని మనిషికి కావాలన్నది కూడా ఏదీ ఉండదని అతని నమ్మకం.

పదకొండో ఏడు మిగిలింది అంజవ్వ. పాతికేళ్ళ మనిషి. మొగుడు బొంబాయి మిల్లులకు పోయి అక్కడే ఉండిపోయాడు. ఊళ్ళో ఎవరి మొహం చూడాలన్నా సిగ్గుపడేది. రేణుకమ్మ పక్కన నిలబడ్డ నెల రోజులకు తల ఎత్తి నడవడం మొదలుపెట్టింది. ఇద్దరూ కలిసి వండుకునేవాళ్ళు, వరసలో ఒకరి కొంగుకు గుచ్చుకున్న ముల్లు ఇంకొకరు తీసేవాళ్ళు. మాటలు పెద్దగా వినిపించేవి కావు. అప్పుడు రాజనర్సు భార్య జబ్బుపడి ఊరికి వెళ్ళిపోయింది. రాజనర్సు అరకత్తి అయ్యాడు. మొనగాడు ఒక్కడే మిగిలితే జట్టుకే నష్టం. భోజన్న రెండో ఆలోచన లేకుండా రేణుకమ్మను రాజనర్సుకు వేసి, అంజవ్వను ఆవలి ఊరి తోటలో ఇంకొక ముసలమ్మ దగ్గరికి పంపాడు.

ఆ పొద్దున రేణుకమ్మ వచ్చి అతని ఎదురుగా నిలబడింది.

"గీ యేడు నన్ను అంజవ్వ కాన్నుంచి తియ్యకు," అంది.

"నీకేందే, నువ్వు ఎవలతోనన్న కలుస్తవ్," అని నవ్వాడు భోజన్న. "అంజవ్వయితేంది, రాజనర్సయితేంది?"

చుట్టూ ఉన్నవాళ్ళు కూడా నవ్వారు. రేణుకమ్మ వెళ్ళి వరసలో దిగింది. ఉగాది దాకా రాజనర్సు నరికిందంతా కట్టింది. తిరుగుప్రయాణంలో నిజామాబాద్ బస్టాండులో జట్టంతా సిరికొండ బస్సు దగ్గర మూటలు ఎక్కిస్తుంటే, ఆమె తన మూట ఒక్కటి పక్కకు తీసుకుంది.

"అన్న కాడ పసుపు పని ఉన్నదట. మనుషులు తక్కువున్నరు. నేను నందిపేట బస్సెక్కుత," అంది.

"ఎన్ని పొద్దులు?"

"సూస్త."

భోజన్న సరేనన్నాడు, బస్సు మీదికెక్కి మూటలు సర్దడంలో పడ్డాడు. పసుపు పని అయిపోయింది. వానలు పడ్డాయి, నాట్లు పడ్డాయి, నాగుల పంచమి పోయింది. రేణుకమ్మ రాలేదు. నందిపేట వైపు పోయేవాళ్ళతో రెండుసార్లు కబురు పంపితే బాగానే ఉన్నానని జవాబొచ్చింది, వస్తానని రాలేదు. తాను పోలేదు. నవ్వించడం, బుజ్జగించడం, కేకలెయ్యడం, అన్నీ చేతనైన మనిషికి ఒక్కటి చేతకాలేదు. నువ్వు లేకపోతే నాకు బాగుండలేదని ఒక మనిషి ముందు కూర్చుని అనడం. అదే నలభై మంది ముందు అయితే పాటగా కట్టి పాడేసేవాడు.

దసరా వచ్చింది. గొంగడి మీద కూర్చున్నాడు. నలభై ఒక్కమంది వచ్చారు. ఇరవై జోడీలు కుదిరాయి. అంజవ్వ మిగిలింది.

"అంజవ్వా, నువ్వు మా రేణుక..." అని అలవాటు కొద్దీ అనేసి ఆగిపోయాడు.

ఎవరూ నవ్వలేదు. అంజవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నేల చూస్తోంది. ఊరందరికీ శకునం చెప్పిన బల్లి కుడితిలో పడ్డట్టయింది భోజన్న పని. చివరికి అంజవ్వను అరకత్తిగానే వేసుకుని బోధన్ రైలెక్కాడు.

ఎప్పటిలాగే ఆ ఏడూ కోత చెన్నకేశవరావు తోటలో. కృష్ణా జిల్లా నుంచి వచ్చి కాలవ కింద భూమి కొని స్థిరపడ్డ ఆసామి. తోట పక్కన గట్టు మీద చెరకు ఎండాకుతో గుడిసెలు వేసుకున్నారు. కత్తికొక గుడిసె. చివర అంజవ్వది, దానికి కాస్త ఎడంగా ముకద్దానిది.

పొద్దు గుంకాక గుడిసెల ముందు పొయ్యిలు వెలిగేవి. భోజన్న ప్రతి గుడిసె ముందు ఆగి ఒక మాట అనేవాడు. "రా అన్నా, కూసో," అనేవాళ్ళు అందరూ. నవ్వేవాళ్ళు, ఒక రొట్టె చేతిలో పెట్టేవాళ్ళు. ఇరవై పొయ్యిలు దాటి తన గుడిసెకు వచ్చేసరికి అది చీకటిగా ఉండేది. నెల గడిచాక అతనికి ఒక సంగతి తట్టింది. ఏ పొయ్యి దగ్గరికి పోయినా రమ్మనేవాళ్ళే గానీ, అతను ఒక పూట పోకపోతే ఏమైందని చూసిపోయిన పొయ్యి ఒక్కటీ లేదు. కావాలనే ఒకరోజు పోకుండా గుడిసెలో కూర్చున్నాడు. ఎవరూ రాలేదు. నలుగురు కాదు కదా, ఒక్కరూ రాలేదు. పాటలు వినిపిస్తున్నాయి, రాజనర్సు గొంతు అందరికంటే పైన వినిపిస్తోంది. తాను నేర్పిన పాటే. మాడిన జొన్నరొట్టె చేతిలో పట్టుకుని భోజన్న తన గుడిసెలో తాను ఏడ్చాడు. ఆ ఏడుపు చూసేవాళ్ళు లేకపోవడం అతనికి అదే మొదటిసారి, అందుకే అది తొందరగా ఆగలేదు.

రోజూ పన్నెండింటికి జట్టుకు మజ్జిగ తేవడానికి అతను చెన్నకేశవరావు ఇంటికి పోయేవాడు. రావు భార్య సుబ్బరత్నం కుండ నింపుతూ ఒకరోజు అడిగింది.

"రేణుకమ్మ ఈ ఏడు రాదా ఏంటయ్యా భోజన్నా?"

"అన్నగారింట్ల ఉన్నదమ్మా. పసుపు పని."

"ఆవిడ రాకపోతే నాకు ఏడాది గడిచినట్టే లేదయ్యా. సీజను అయిపోయే ముందు వచ్చి పచ్చడి అడిగి పట్టుకెళ్ళేది. తనకోసం కాదట. ఆ ఏటి జోడీకి ఏదిష్టమో అది. చెవుడావిడకి ఉసిరికాయ, ఎవరికో చింతకాయ, పోయినేడు ఆ అంజవ్వకి మాగాయ. ఇంటికి తీసుకెళ్తుంది, దాచిపెట్టండమ్మా అనేది. నీకేది కావాలో ఒక్కసారీ అడగలేదే అంటే నవ్వేది." సుబ్బరత్నం కుండ అందిస్తూ ఆగింది. "అవునూ, ఆవిడకేదిష్టమయ్యా?"

భోజన్న కుండ అందుకున్నాడు. అందరి తీరూ ఒక్క చూపులో చెప్పగల మనిషి, "నాకు తెల్వదమ్మా," అని చెప్పి వచ్చేశాడు.

ఆ సాయంత్రం బండ్లకు చెరకు ఎత్తుతున్నారు. ఫ్యాక్టరీకి తోలే బండివాడు కట్టను ఒక్క చేత్తో పైకి విసురుతూ, "మీ జట్టు కట్ట ఊడదు ముకద్దమన్నా," అన్నాడు. "మిగిలినోళ్ళయి సగం తొవ్వల్నే విచ్చుకపోతయి."

భోజన్న కట్ట దగ్గరికి వంగి చూశాడు. పచ్చి చెరకాకును రెండు పేటలుగా మెలిపెట్టి, కొసను కిందినుంచి తిప్పి లోపలికి దోపారు. పక్క కట్ట చూశాడు. అదే ముడి. మూడోది చూశాడు, నాలుగోది వేరే తీరు, ఐదోది మళ్ళీ అదే. ఏ జట్టులోనైనా ఎవరి ముడి వాళ్ళది, ఒకరిది ఇంకొకరికి రాదు. అతను కట్టలు తిప్పి చూస్తూ పోయాడు. చివరికి వసంతమ్మ దగ్గరికి వెళ్ళి, చెవుడు లేని కుడి చెవి పక్కన నిలబడి అడిగాడు.

"గీ ముడి నీకు ఎవలు నేర్పిండ్రే అక్కా?"

"ఇంకెవలు? రేణుకమ్మ."

"ఇంకెవలికి వస్తది?"

వసంతమ్మ వేళ్ళు మడుస్తూ పేర్లు చెప్పింది. పదకొండు. పదకొండు సీజన్లలో రేణుకమ్మ పక్కన మిగిలినవాళ్ళు పదకొండుమంది.

"మొదటి దినం వచ్చేది," అంది వసంతమ్మ. "కొత్త జోడీతోని పనిల దిగకముందు, పోయిన యేటి జోడీ కాడికి వచ్చి, అది కట్టిన మొదటి కట్టను పట్టి సూసేది. ఏం మాట్లాడకపోయేది. ఇట్ల ఒక్కసారి ముడి మీద చెయ్యి ఏసి పోయేది. నా కాడికి గూడ వచ్చింది. ఆ యేడు నాకు ఏడుపాగలే. నువ్వు సూడలేదా తమ్మీ? గాన్నే ఉంటివి గద, పాట పాడుకుంట."

భోజన్న అక్కడే చెరకు మోళ్ళ మధ్య కూర్చున్నాడు. తన శాస్త్రంలో ఎక్కడ పొరపాటు జరిగిందో చూపించడానికి ఇంకెవరూ అక్కరలేదు. ఆమెది కట్టే తీరు, నరికినా అదే తీరు. అందులోనూ కడుపులోని మనసు. అంత లోతు మనసు కాబట్టి ఆ మట్టం అతనికి అందలేదు. పైకి ఏదీ రాలేదు గనుక లోపల ఏదీ లేదనుకున్నాడు. ఎవరితోనైనా కలిసిపోతుంది గనుక ఎవరి నుంచైనా విడదీయవచ్చనుకున్నాడు. ఏడాది పొడవునా ఆమె ఒక మనిషిని తనకు కట్టుకుంటే, దసరా నాడు గొంగడి మీద కూర్చుని నవ్వుతూ ఆ కట్టు విప్పాడు. పదిసార్లు దసరాకు, పదకొండోసారి దసరా దాకా కూడా ఆగకుండా. జట్టులో తెగిన జోడీ లేదని చెప్పుకుంటుంటే, తెగినవన్నీ తన ఇంట్లోనే తెగాయి.

మర్నాడు జట్టును రాజనర్సుకు అప్పజెప్పి నిజామాబాద్ పోయి నందిపేట బస్సెక్కాడు. మాఘమాసం. రేణుకమ్మ అన్న పోశన్న ఇల్లు ఊరి చివర. వాకిలంతా ఉడకబెట్టి ఎండబోసిన పసుపు. పోశన్న బావను చూసి, "రా బావా," అని నీళ్ళ చెంబు ఇచ్చి, ఎద్దులకు గడ్డి వెయ్యాలని గొడ్లకొట్టం వైపు పోయాడు. పనేమీ లేదక్కడ. మర్యాద తెలిసిన మనిషి.

రేణుకమ్మ పసుపు ఏరుతోంది. పొడుగు కొమ్ములు ఒక కుప్ప, గుండ్రటి మండలు ఒక కుప్ప. తల ఎత్తి చూసి, మళ్ళీ ఏరడంలో పడింది. భోజన్న ఎదురుగా కూర్చున్నాడు. చేతులు ఊరికే ఉండలేక తానూ ఏరడం మొదలుపెట్టాడు. ఆమె అతని కుప్పలోంచి ఒకటి తీసి రెండో కుప్పలో వేసింది. కాసేపటికి ఇంకొకటి.

"వసంతమ్మ చెప్పింది. ముడి సంగతి," అన్నాడు భోజన్న.

ఆమె ఇంకొక కొమ్ము అందుకుంది.

"నీకు తీరు లేదన్న. అందరి ముందట అన్న. తప్పయింది నాది. పదకొండు మందిని నీ కాన్నుంచి..."

"పన్నెండు," అంది రేణుకమ్మ. "రాజనర్సును మరిచినవ్. ఆయన పెండ్లాం కోలుకున్నదా?"

"కోలుకున్నది. గీ యేడు ఇద్దరు వచ్చిండ్రు."

"మంచిగైంది."

కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుందంటారు. ఆమె చించుకోలేదు. పసుపు మీది మట్టి దులిపి కుప్పలో వేస్తూ, వేరెవరి సంగతో అడుగుతున్నట్టు అడిగింది.

"ఎవలికి ఎవలు జోడీయో నీకు ఎరుకే. ఇన్నేండ్లల్ల నాకు జోడీ ఎవలని ఒక్కనాడన్న అనుకున్నవా?"

భోజన్న చేతిలోని కొమ్మును ఏ కుప్పలో వెయ్యాలో తెలియక పట్టుకుని కూర్చున్నాడు. పొద్దు వాకిట్లోంచి గోడ మీదికి పాకింది.

"అనుకోలే," అన్నాడు. "ఇప్పుడు అనుకుంటున్న. ముకద్దం పని రాజనర్సుకిస్త. నేను కత్తి పడ్త. నువ్వు నాకు కట్టు."

"చెప్తున్నవా, అడుగుతున్నవా?"

అతను చేతిలోని కొమ్మును కింద పెట్టాడు.

"అడుగుతున్న."

రేణుకమ్మ అప్పుడు అతని మొహం సరిగ్గా చూసింది. సన్నబడ్డాడు, రెండు వేళ్ళ మీద రొట్టె పెనం కాలిన మచ్చలున్నాయి. ఆమె కళ్ళు ఆ వేళ్ళ మీద కాసేపు ఆగాయి. తర్వాత వేరే సంగతి అడిగింది.

"అంజవ్వ ఎవలతోని ఉన్నది?"

"ఒక్కతే. అరకత్తి."

ఏరుతున్న చెయ్యి ఆగింది.

"దసరా కాన్నుంచి ఒక్కతేనా?"

"ఒక్కతే."

ఆమె లేచి చేతులు కడుక్కుంది. పసుపు ఒక్క కడుగుకు పోయేది కాదు, అలాగే తుడుచుకుని లోపలికి వెళ్ళి మూట కట్టుకుని వచ్చింది.

"పా. నేను అంజవ్వ కాడికి వస్తున్న," అంది.

భోజన్నకు అర్థమైంది. తన వెంట రావడానికీ తన కోసం రావడానికీ తేడా తెలియని మనిషి కాదు, ఎంతైనా మనుషుల తీర్లు చదివినవాడు. బస్సులో ఆమె ముందు ఆడవాళ్ళ సీట్లో కూర్చుంది, అతను వెనక నిలబడ్డాడు. నిజామాబాద్ దాకా ఆమె మెడ వెనక కొప్పు కనిపిస్తూనే ఉంది. అందులో నెరిసిన వెంట్రుకలు ఎప్పుడు వచ్చాయో అతనికి తెలియదు.

తోటకు చేరేసరికి అంజవ్వ వరస చివర కూర్చుని ఒక్కతే కట్ట బిగిస్తోంది. రేణుకమ్మను చూసి లేవలేకపోయింది. రేణుకమ్మ వెళ్ళి ఆ కట్ట ముడి మీద చెయ్యి వేసి చూసి, పక్కన కూర్చుని ఆకు అందుకుంది. "అక్కా," అంది అంజవ్వ ఒక్కమాట. ఆ తర్వాత ఇద్దరూ పనిలో పడ్డారు.

మర్నాడు పొద్దున చెన్నకేశవరావు గట్టు మీదికి వచ్చి రోజూలాగే అడిగాడు.

"ఎన్ని కత్తులోయ్ భోజన్నా?"

"ఇరవై ఒకటి. ఇంకొక అర."

"అదేంటయ్యా, రేణుకమ్మ వచ్చిందిగా. మళ్ళీ ఆ అర ఎవరు?"

భోజన్న గుడిసెలోంచి కత్తి తెచ్చుకుని చివరి వరసలో దిగాడు. ముకద్దం కత్తి పడితే జట్టును చూసేదెవరని రావు నవ్వాడు. రాజనర్సు నరుకుతూనే చూస్తాడని చెప్పాడు భోజన్న. రాజనర్సు నమ్మలేనట్టు చూసి, ఏదో హాస్యమాడబోయి, అతని మొహం చూసి తన వరసకు పోయాడు.

నరకడం చేతులకు గుర్తుంది. పదకొండేళ్ళ తర్వాత గంటలోనే అరచేతులు బొబ్బలెక్కాయి, అయినా నరికాడు. వెనక్కి తిరిగి చూస్తే నరికిందంతా నేల మీద పడి ఉంది. ఏరడానికి ఎవరూ లేరు. కత్తి పక్కన పెట్టి తానే ఆకు దూశాడు, తానే కట్టాడు. కట్టేసరికి పక్క వరసలు ఎక్కడికో వెళ్ళిపోయాయి. నవ్వులు దూరంగా వినిపించాయి. మాట్లాడుకోవడానికి పక్కన మనిషి లేని వరస ఎంత పొడుగుంటుందో ఆ రోజు తెలిసింది. ఆ వరసలోనే అంజవ్వను నాలుగు నెలలు నడిపించాడు.

సాయంత్రం బండివాడు అతని కట్టను పట్టి ఎత్తితే ఫట్‌మని ఊడి చెరకంతా కాళ్ళ మీద పడింది.

"ఇది మీ జట్టుది గాదన్నా," అన్నాడు బండివాడు, ఎవరిదో తెలియక. "ఎవలో బయటోళ్ళది."

భోజన్న చెరకు ఏరి పెట్టి, రెండు వరసలు దాటి రేణుకమ్మ దగ్గరికి వెళ్ళాడు. ఆమె కట్ట మీద మోకాలు పెట్టి బిగిస్తోంది. అతను నిలబడ్డాడు. జట్టంతా చూస్తోందని తెలుసు, అయినా గొంతు పెంచలేదు.

"గా ముడి నాకు జర చూపియ్యి."

రేణుకమ్మ బిగించడం పూర్తి చేసింది. అతని చేతులు తీసుకుని తిప్పి చూసింది. బొబ్బలు పగిలి చెరకు రసం అంటి మండుతున్నాయి. కొంగు కొస చింపి ఒక అరచేతికి చుట్టి, రెండోదానికీ చుట్టి వదిలింది.

"చూపిస్తే వచ్చేది గాదది," అంది. "యేడంత పక్కపొంటి ఉంటే వస్తది."

అంజవ్వ నరికిన చెరకు వెనక పేరుకుపోతోంది. రేణుకమ్మ అటు వెళ్ళిపోయింది.

భోజన్న తన వరసకు వచ్చి ఊడిన కట్ట ముందు కూర్చున్నాడు. దసరాకు ఇంకా ఎనిమిది నెలలు. అప్పుడు గొంగడి మీద కూర్చునేది రాజనర్సు. తాను అందరితో పాటు ఎదురుగా నిలబడి, మిగిలిపోయి, ఆమె వైపు చూసి అడగాలి. ఆమె కాదనవచ్చు. ఆమె కాదనగల మనిషని ఇన్నేళ్ళలో అతనికి ఎన్నడూ తోచలేదు. భయం వేసింది. కొంగు పీలిక చుట్టిన చేతులతో ఆకు మెలిపెట్టి, మళ్ళీ కట్టడం మొదలుపెట్టాడు.